సోయ చేనుకు నా వంతు నీళ్లు

నా సోయ చేను వాన లేక పోయిందని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాన లేని మాట నిజమే. కానీ ఆ వాన మా బావ వరిమడి మీద కూడా పడలేదు. మరి నా చేను బూడిద రంగుకు తిరిగిన రోజుల్లో ఆయన మడి పచ్చగా ఎందుకు ఉంది? ఈ ప్రశ్న నేను చర్చి ముందర అడిగాను. పంచాయతీ ఆఫీసు మెట్ల మీద అడిగాను. మా ఆయనను అన్నం తింటుండగా అడిగాను. ఒక్కరూ జవాబు చెప్పలేదు. చెప్పకపోగా నాకు నోరు పెద్దదని పేరు పెట్టారు. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు మధ్యలో ఎవరూ అడ్డం రారు.

మా ఊరు పరకాల నుంచి ఆటోలో పోయేంత దూరం. మా మామయ్య పోకముందే ఇద్దరు కొడుకులకు భూమి పంచాడు. కింద ఉన్న వరిమడి పెద్దకొడుక్కి, అంటే మా బావకు. పైన ఉన్న చెలక చిన్నకొడుక్కి, అంటే మా ఆయనకు. చెలక అంటే ఎర్ర ఇసుక నేల. ఎంత వాన కురిసినా పొద్దున తడి, మర్నాటికి పొడి. పెద్దవాడికి మడి ఎందుకు, చిన్నవాడికి చెలక ఎందుకు అని నేను అడిగితే, "చిన్నోనికి కాజీపేటల నౌకరున్నది గదా బిడ్డా" అన్నాడు మామయ్య. ఆ నౌకరీ రైల్వే షెడ్డులో కాంట్రాక్టరు కింద పని. వారమంతా అక్కడే ఉండి ఆదివారం వచ్చేవాడు మా ఆయన. కాబట్టి నౌకరీ ఆయనది, చెలక నాది. దున్నించింది, విత్తించింది, కలుపు తీసింది అన్నీ నేనే.

మామయ్య భూమి పంచాడు కానీ బోరు పంచలేదు. అది మడికీ చెలకకూ మధ్య గట్టు మీద ఉంది. మోటారు ఒకటి. దాని నుంచి రెండు పైపులు, ఒకటి కిందికి, ఒకటి పైకి. రెండింటికీ గేటు వాల్వులు. ఆ వాల్వులను తిప్పే ఇనుప చక్రం మాత్రం ఒక్కటే. మామయ్య కావాలనే ఒక్కటి ఉంచాడు. ఎవరి వంతు నడుస్తుంటే చక్రం వాళ్ల ఇంట్లో ఉండాలి. వంతు అయిపోయినవాళ్లు దాన్ని రెండో ఇంటి అరుగు మీద పెట్టి రావాలి. పానాతో తిప్పకూడదు. "అయిపోయినోళ్లే తెచ్చియ్యాలె. ఎదుటోళ్లను అడగనియ్యొద్దు. అడిగిచ్చుకున్నరంటె అది నీళ్లు గాదు, బిచ్చం" అనేవాడు. మామయ్య చేసిన అన్యాయాలు చాలా ఉన్నాయి, అన్నీ నాకు గుర్తున్నాయి. కానీ ఈ నియమం మాత్రం మంచిదే.

సోయ మా అమ్మగారింటి పంట. మాది ఆదిలాబాద్ వైపు, నల్ల రేగడి. చిన్నప్పటి నుంచి సోయ చేన్లల్లో తిరిగినదాన్ని. ఇక్కడ మా చెలకలో ఏళ్ల తరబడి పత్తి పెట్టాం. పత్తి ఏరడానికి మనుషులు దొరకక, దొరికిన రోజున వాన వచ్చి, పురుగు వచ్చి, ప్రతి ఏడూ ఏదో ఒక ఏడుపు. ఈసారి సోయ పోస్తానన్నాను. ఆ మాట మా యారాలి చెవిన పడింది. యారాలు అంటే బావ భార్య. నేను ఆమెను అక్కా అంటాను.

"ఏందే చెల్లె, మీ అమ్మగారింటి పంట తెచ్చి మా చెలకల పోస్తవా?" అంది.

"చెలక మాదక్కా" అన్నాను.

"మీదే, మీదే. ఎవలు కాదన్నరు? మన్ను మీది, నీళ్లు అందరియి" అని నవ్వింది. పక్కన బట్టలు ఉతుకుతున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా నవ్వారు. వాళ్లెవరో నాకు తెలుసు.

మా ఆయన నవ్వలేదు. ఆయన మాట అంతకంటే చెడ్డది. ఆదివారం భోజనం దగ్గర చెయ్యి కడుక్కోకుండానే చెప్పాడు. "ఇగో, ఈ ఒక్కసారి నీ ఇష్టం. సోయ పండితె చెలక నీ చేతుల్నే ఉంటది, నేను ఏమనను. పండకపోతె మాత్రం అన్నకు అప్పజెప్పి ఇద్దరం కాజీపేట పోదాం. ఆదివారం ఆదివారం బస్సులల్ల తిరుగుడు ఇగ నాతోని గాదు."

"పండుతది" అన్నాను.

"నేను గదే అంటాన. పండితె."

అలా ఆ చేను మీద నా ఇల్లు, నా పొయ్యి, నా రెండు బర్రెలు, నేను పొద్దున లేచి పోయే దారి అన్నీ పణంగా పెట్టినట్టయింది. పందెం నేను కట్టలేదు. నా మీద కట్టారు.

ఆరుద్ర కార్తెలో మంచి వాన పడింది. తడి ఆరకముందే సోయ వేయించాను. విత్తనం సున్నితమైనది, బస్తాను గట్టిగా కింద వేసినా మొలక దెబ్బతింటుంది. ట్రాలీ నుంచి బస్తాలు నేనే దగ్గరుండి పసిపిల్లలను దింపినట్టు దింపించాను. మొలక బాగా వచ్చింది. పావురాలు వచ్చి లేత పప్పుబద్దలను తుంచుతుంటే పొద్దున్నే పోయి రేకుడబ్బా కొట్టేదాన్ని. తర్వాత వాన ఎడం ఇచ్చినప్పుడల్లా నా వంతు తప్పకుండా స్ప్రింక్లర్లు పెట్టాను. నా వంతు నేను ఎందుకు వదులుకోవాలి? బోరు నిండా నీళ్లున్నాయి. స్ప్రింక్లరు తల టకటకా కొట్టుకుంటూ తిరుగుతుంటే ఆ తుంపరలో నిలబడేదాన్ని. చేను మోకాలు దాటింది. సాళ్ల మధ్య నేల కనబడకుండా ఆకు కమ్ముకుంది. రోడ్డు మీద పోయేవాళ్లు బండి ఆపి చూసేవాళ్లు.

బావ కూడా ఒక పొద్దున గట్టు మీద ఆగాడు. చాలాసేపు చూశాడు. ఒక మంచి మాట అంటాడేమో అనుకున్నాను.

"ఆకు మంచిగనే ఉన్నది" అన్నాడు. "బర్రెలకు సాలు."

ఈ మాటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నేనైతే పెట్టుకున్నాను.

సోయ పూత ఎవరి కంటా పడదు. పత్తి పూవులా, నువ్వు పూవులా ఊరంతా చూసేట్టు పూయదు. ఆకు కాడ దగ్గర, కొమ్మ సందులో, చిన్న ఊదారంగు పూలు. వంగి, ఆకులను చేత్తో తప్పిస్తేనే కనబడతాయి. ఆ పూత వచ్చిన వారంలోనే వాన ఆగింది. ఆగడమంటే మామూలుగా ఆగడం కాదు. మబ్బు రోజూ వచ్చేది. పరకాల మీదుగా తూర్పుకు పోయేది. ఫోనులో వాన బొమ్మ కనిపించేది, ఆకాశంలో ఉండేది కాదు. సరిగ్గా అప్పుడే బావ మడిలో నాట్లు వేయించాడు. వరి అన్నాక మడిలో నీళ్లు నిలవాలి. బోరు నీటిమట్టం దిగడం మొదలైంది.

ఆ ఆదివారం చర్చి అయిపోయాక నేను ఆడవాళ్ల వైపు చెప్పుల కోసం వెతుకుతున్నాను. బయట వేపచెట్టు కింద మా ఆయన, బావ మాట్లాడుకుంటున్నారు. మా ఆయన చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. సంచి అడుగున గుండ్రంగా ఏదో బరువైనది వేలాడుతోంది. నేను ఇంట్లో పెట్టి వచ్చిన చక్రం అది. ఆ వారం వంతు మాది.

"సోయ పూత మీదున్నదట గదరా?" అన్నాడు బావ.

"ఆఁ అన్నా."

"మరి పూత మీద నీళ్లు పెడ్తె ఏమైతది? కంది చేన్ల నాయిన ఏం జెప్పేటోడు?"

"పూత రాల్తది."

"గదే గదా. ఊకె నీళ్లు పెట్టి పూత రాల్చుకునుడెందుకు? చక్రం నా దగ్గర ఉండనియ్. పూత దిగి పిందె పడ్డంక నేనే తెచ్చిస్త."

మా ఆయన సంచి ఇచ్చేశాడు. అంత తేలిగ్గా ఇచ్చేశాడు. నేను ఒక కాలికి చెప్పు వేసుకుని, ఒకటి చేత్తో పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లాను.

"సోయ కంది గాదు బావా" అన్నాను.

"కంది గాకపోతె ఏందమ్మా? అదీ పప్పు గింజే, ఇదీ పప్పు గింజే. ఆకు సూడు, పువ్వు సూడు. అక్కజెల్లెండ్ల లెక్కున్నయి."

"అక్కజెల్లెండ్లయితె ఇద్దరికి ఒక్కటే తిండి పెడ్తరా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, కానీ నా పక్షాన కాదు. మా పాస్టరుగారు బైబిలు చంకలో పెట్టుకుని అటుగా వస్తూ, "తల్లీ, ఆదివారం పూట నీళ్ల పంచాయితీ ఎందుకు? ప్రభువు వాన ఇస్తాడు" అన్నారు. ప్రభువు ఇచ్చే వాన సంగతి సరే, ప్రభువు ఇప్పటికే ఇచ్చిన బోరు సంగతి ఏమిటని అడుగుదామనుకున్నాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని బండి దగ్గరికి తీసుకుపోయాడు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. పూత మీద నీళ్లు పెట్టకూడదన్నది మా వైపు ఊళ్లన్నింటిలో ఉన్న నమ్మకం. కందికి అదే చేస్తారు, అది నడిచింది కూడా. బావ ఒక్కడే కల్పించింది కాదు. మా అమ్మగారింట్లో అయితే సోయకు అసలు ఎవరూ నీళ్లు పెట్టరు. ఆ రేగడి నేల వాన నీళ్లను లోపల దాచుకుని రోజుకింత తీసి ఇస్తుంది. కాబట్టి పూత మీద పెట్టాలో వద్దో చెప్పడానికి ఆ రోజు నా దగ్గర రుజువు లేదు. నా మనసు మాత్రం ఒప్పుకోలేదు. రుజువు లేనంత మాత్రాన మనిషి వంతు తీసుకుపోతారా?

బెట్ట ముదిరింది. బెట్ట పెట్టిన సోయ చేను ఎట్లా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పాలి. మొదట మధ్యాహ్నం పూట మాత్రమే తెలుస్తుంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆకు తన వీపును ఎండకు తిప్పుతుంది. ఆకు అడుగు భాగం తెల్లగా, నూగుగా ఉంటుంది. చేనంతా ఒకేసారి అలా తిరిగితే దూరం నుంచి పైన ఎవరో బూడిద చల్లినట్టు కనబడుతుంది. పొద్దు వాలాక మళ్లీ సర్దుకుని పచ్చబడుతుంది. మనం హమ్మయ్య అనుకుంటాం. కొన్నాళ్లకు సాయంత్రం కూడా సర్దుకోదు. మూడు ఆకులు దగ్గరికి ముడుచుకుని, చేతులు జోడించినట్టు నిలబడతాయి. ఇంకొన్నాళ్లకు పొద్దున్నే, మంచు తడి ఉండగా పోయి చూసినా అలాగే ఉంటాయి. అప్పటికి చెట్టు ఆశ వదులుకున్నట్టు. నేను మూడు దశలూ గట్టు మీద నిలబడి చూశాను. వెనక్కి తిరిగితే బావ మడిలో నీళ్లు ఎండకు మెరిసేవి.

పూత రాలింది. నీళ్లు పెడితే రాలుతుందన్న పూత, నీళ్లు లేక రాలింది. సాళ్ల మధ్య కూర్చుని రాలిన పూలను ఏరి కొంగులో పోసుకున్నాను. ఎండి ముడుచుకుని నల్లగా అయిపోయాయి. నేరుగా బావ ఇంటికి పోయి అరుగు మీద కుమ్మరించాను. యారాలు చీపురు పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏందే ఇవి? సచ్చిన చీమలనుకున్న."

"సోయ పూత అక్కా. నీళ్లు పెట్టకుంట కాపాడిన పూత."

"అయ్యో" అంది. ఆ అయ్యో కూడా పూలను చూసి కాదు, ఊడ్చిన అరుగు మళ్లీ పాడైందని. "బావ మడికి పోయిండు. అచ్చినంక జెప్త."

"చక్రం ఇయ్యి అక్కా. నా వంతు."

అడిగాను. మామయ్య నియమం ప్రకారం నేను అడగకూడదు, వాళ్లే తేవాలి. అయినా అడిగాను. నా జీవితంలో చాలా అవమానాలు వేరేవాళ్లు చేశారు. ఈ ఒక్కదాన్ని నా నోటితోనే నాకు చేయించారు.

"ఇంక జర పూత ఉన్నది గదే చెట్టు మీద" అంది యారాలు. "అది గూడ దిగనియ్." అని నేను తెచ్చిన పూలను ఊడ్చి వాకిట్లోకి తోసింది. కోళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి, ముక్కుతో ఒకసారి పొడిచి, పనికిరావని తెలిసి పోయాయి.

ఆ తర్వాత వ్యవసాయ శాఖ అమ్మాయి వచ్చింది. చిన్న వయసు, స్కూటీ మీద ముఖానికి చున్నీ చుట్టుకుని ఊరూరా తిరుగుతుంది. ఎండిన చేన్లకు ఫోటోలు తీసుకుంటోంది. నా చేనుకూ తీసింది. ఒక మొక్కను పీకి నాకు చూపింది. వేళ్లు పైపైనే, చీపురు పుల్లల్లా పక్కలకు పరుచుకుని ఉన్నాయి. లోపలికి పోయిన తల్లివేరు బెత్తెడు కూడా లేదు.

"మేడమ్, ముందుగాల నీళ్లు ఎక్కువ పెట్టిన్రు. పైనే దొరుకుతున్నయి గదా అని ఏర్లు కిందికి పోలే" అంది. "సోయకు ముందు జర తక్కువైనా తట్టుకుంటది. పూత, పిందె, గింజ పాలుపోసుకునేటప్పుడే తడి ఉండాలె. అప్పుడు బెట్ట పెడ్తెనే దెబ్బ."

ఆ మాట విత్తన బస్తా ఇచ్చిన రోజు ఎందుకు చెప్పలేదు? అదే అడిగాను. ఆ రోజు వరుసలో చాలామంది ఉన్నారని, మీటింగు పెట్టి చెప్పామని అంది. ఆ మీటింగు కబురు మా బావ ఇంటి దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి మా ఇంటికి గోడ ఒక్కటే అడ్డం.

"ఇప్పుడేం చెయ్యాలె బిడ్డా?"

"పిందె ఇంకా కొంత ఉన్నది మేడమ్. ఈ నాలుగు రోజులల్ల ఒక్క తడి మంచిగ ఇచ్చిన్రంటె, సగమన్న గింజ కడ్తది. ఒక్క తడి."

ఒక్క తడి. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చి కాజీపేటకు ఫోను చేశాను. అవతల షెడ్డు చప్పుడు, ఇంజను కూత. మా ఆయన సగం విన్నాడు, సగం వినలేదు.

"ఒక్క తడి ఇస్తె సగం నిలుస్తదట. మీ అన్నతోని మాట్లాడు."

"మాట్లాడ్త."

"ఇయ్యాల్నే మాట్లాడు."

"అరే, మాట్లాడ్తనంటి గదా. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఫికర్ చేయకు అన్నవాళ్లందరూ నా జీవితంలో ఫికర్ పెంచినవాళ్లే. ఆ రోజు మాట్లాడలేదు. ఆ మర్నాడూ మాట్లాడలేదు. పని ఎక్కువైందట. తర్వాత మాట్లాడాడట. అన్న "సూద్దాం తీయ్" అన్నాడట.

ఒక పొద్దున నేను బర్రెలకు మేత వేస్తున్నాను. వాకిట్లో గాజుల చప్పుడు వినిపించింది. చూస్తే యారాలు. కొంగు కింద నుంచి చక్రం తీసి మా అరుగు మీద పెట్టింది.

"ఇగో చెల్లె, నీ వంతు" అంది. "మీ బావ ఇచ్చి రమ్మన్నడు."

నేను అడగలేదు. పిలవలేదు. తనంతట తానే తెచ్చింది. మామయ్య పెట్టిన నియమం ఇన్నాళ్లకు ఒకసారి సరిగ్గా నడిచింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆమెను కూర్చోబెట్టి, చిక్కటి పాలతో చాయ్ పెట్టి ఇచ్చాను. ఆమె గబగబా తాగింది. నా ముఖం వైపు చూడలేదు. అది నేను తర్వాత గుర్తుచేసుకున్నాను.

చేలోకి దాదాపు పరుగెత్తాను. స్ప్రింక్లరు పైపులన్నీ ఒక్కదాన్నే మోసి బిగించాను. ముందు పిందె ఎక్కువ నిలిచిన కింది వైపు, తర్వాత పై వైపు అని మనసులో లెక్క వేసుకున్నాను. మడి వాల్వు మూసి ఉంది. చక్రం తీసుకుపోయి మా వాల్వుకు తొడిగి తిప్పాను. మోటారు వేశాను. పైపు బుసకొట్టింది. ఎర్రటి బురదనీళ్లు వచ్చాయి. స్ప్రింక్లర్ల తలలు ఒక్కసారి అదిరి అర చుట్టు తిరిగాయి. పైపు దగ్గింది. మళ్లీ కొంచెం బురద. తర్వాత గాలి. మోటారు గొంతు మారింది, ఒట్టి ఇనుము ఒరుసుకుంటున్నట్టు. తలలన్నీ ఎక్కడివక్కడ ఆగి, ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు చూస్తూ నిలబడ్డాయి. ముందు వరుసలో కొన్ని ఆకుల మీద ఎర్ర చుక్కలు పడ్డాయి. నా చేనుకు అందిన తడి అదే.

బావ తన మడి గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

"నీళ్లు ఎల్లిపోయినయా?" అన్నాడు.

"నీకు తెల్సు బావా."

"నాకేం తెల్సు? పొద్దుగాల దాక అచ్చింది గదా."

నేను గట్టు దిగి ఆయన మడిలోకి పైపు పడే చోటికి పోయాను. పైపు నోటి కింద ఎర్రబురద పరుచుకుని ఉంది. అది తడిగా లేదు. ఎండి, పగిలి, పెంకుల్లా పైకి లేచింది. పొద్దున దాకా నీళ్లు వచ్చిన చోట మట్టి అట్లా ఎండదు. బోరు అంతకు ముందురోజే బురద కక్కి ఆగిపోయింది. చివరి చుక్క దాకా తాగించుకుని, ఖాళీ బోరు చక్రాన్ని నాకు పంపాడు. ఒక పెంకు తీసి ఆయనకు చూపించాను. చేతిలోనే పొడి అయింది.

"ఏంది బావా ఇది?"

ఆయన ఆ పొడి వైపు చూడలేదు. "నా మడి గూడ సూడు" అన్నాడు. మడి మధ్యలో నేల నెర్రెలు విడుస్తోంది. వరి ఇంకా పొట్టకు రాలేదు. "ఇద్దరిది పోయింది గదమ్మా. ఇగ పంచాయితీ ఎందుకు?"

ఇద్దరిదీ పోయింది కాబట్టి లెక్క సరిపోయిందని ఊరంతా అంటుంది. మా ఆయన కూడా అదే అన్నాడు. నాకు ఇప్పటికీ అర్థం కాదు. నా పిందె నిలవాల్సిన రోజుల్లో పోసిన నీళ్లు ఆయన వరినీ నిలపలేదు. అంటే ఆ నీళ్లు ఎవరికీ పనికిరాకుండా పోయాయి. ఇది సరిపోవడం ఎట్లా అవుతుంది? ఇద్దరికీ చెడ్డది చేసినవాడు ఒక్కరికే చెడ్డది చేసినవాడి కంటే మంచివాడా?

వాన తర్వాత వచ్చింది. ఉత్తర కార్తెలో, ఎవరికీ అక్కర్లేనప్పుడు, తెరిపి లేకుండా కురిసింది. నా చేను మళ్లీ పచ్చబడింది. అది చూసి జనం "మల్ల లేశింది గదా, ఇగ నీకేం తక్కువ" అన్నారు. కాయ లేని చెట్టు మోయడానికి బరువు లేక పచ్చగా ఉంటుందని వాళ్లకు తెలియదు. మామూలుగా సోయ పండి ఆకు రాల్చి గోధుమరంగుకు తిరిగే వేళకు నా సోయ పచ్చికట్టెలా నిలబడి ఉంది. కాయ ఒలిచి చూస్తే పలచగా, అతుక్కుపోయి, లోపల ఒక్క గింజ. అదీ ఆకుపచ్చగా, ముడతలు పడి, పుట్టకముందే ముసలిదైనట్టు. కోత మిషనువాడు గట్టు మీద నుంచే చూసి, డీజిలు దండగ అక్కా అని తిరిగిపోయాడు. నేను కొడవలి పట్టుకుని కోశాను. ఎవరి కోసం కోశానో తెలియదు. కోయకుండా వదిలేస్తే ఒప్పుకున్నట్టు అవుతుందని కోశాను.

మా చర్చిలో కోత పండుగ చేస్తారు. ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి బల్ల ముందర పెట్టాలి. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ ఏడు బెట్ట వల్ల బల్ల ముందర గుమ్మడికాయలు, కోళ్లు, పెరటి సొరకాయలే ఎక్కువ. బావ కూడా గుమ్మడికాయే తెచ్చాడు. నేను నా సోయ కట్ట తీసుకుపోయి వాటి మధ్యలో నిలబెట్టాను. మా ఆయన వద్దన్నాడు. దేవుడు ఇచ్చింది చూపించాలి కదా, ఇవ్వనిది కూడా చూపించాలి అన్నాను.

వేలం వేసే పెద్దాయన కట్టను ఎత్తి, అలవాటుగా చెవి దగ్గర ఆడించాడు. పండిన సోయ గలగలమంటుంది. ఇది చప్పుడు చేయలేదు. ఆయన చెయ్యి అలాగే గాలిలో ఆగింది. చర్చిలో ఎవరూ దానికి ధర పాడలేదు. అప్పుడు బావ లేచి వేలం పాట పాడాడు, ఎవరూ అంతకంటే ఎక్కువ పాడకముందే పెద్దాయన ఖాయం చేశాడు. పాస్టరుగారు చాలా సంతోషించారు. అన్నదమ్ములంటే ఇట్లా ఉండాలని అందరికీ వినబడేట్టు చెప్పారు. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. బావ ఆ కట్టను ఇంటికి తీసుకుపోయి బర్రెల ముందర వేశాడు. గోడ మీద నుంచి చూశాను. బర్రెలకు సాలన్న మాటను నిజం చేసుకున్నాడు.

సోయ పండలేదు కాబట్టి మేము కాజీపేట వచ్చేశాం. మా ఆయన మాట మీద నిలబడ్డాడు, ఆయన నిలబడ్డ మాట అదొక్కటే. బర్రెలను అమ్మేశాం. చెలకను బావకు అప్పజెప్పాం. ఇక్కడ రైలు పట్టాల దగ్గర రెండు గదుల ఇల్లు. బండి పోయినప్పుడల్లా గిన్నెలు కదులుతాయి. నేను పొద్దున లేచి పోయే దారి లేదు. లేచి కూర్చుంటాను. మబ్బు పట్టినప్పుడు అది పరకాల వైపు పోతోందా లేదా అని చూస్తాను. అలవాటు. పోతే ఏమిటి, పోకపోతే ఏమిటి?

తర్వాతి వానాకాలంలో యారాలు ఫోను చేసింది.

"చెల్లె, బోరు చక్రం నీ దగ్గర్నే ఉన్నదా?"

"ఉన్నది."

"అవునా? ఇల్లంత దేవులాడినం. మీ ఆయన అచ్చేటప్పుడు పంపియ్యరాదె."

"నా వంతు అయిపోలేదు అక్కా."

"ఏం వంతే?"

"నువ్వు తెచ్చిచ్చిన వంతు. నీళ్లు రాలే. నీళ్లు అచ్చి నా సోయ తడిసినంక నేనే తెచ్చిస్త. మామయ్య జెప్పలేదా? అడగొద్దు."

ఆమె నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, అలసిపోయిన నవ్వు. "ఇంక సోయ ఏడిదే పిచ్చిదానా? పత్తి పెట్టినం గదా. చక్రం నువ్వే ఉంచుకో. మీ బావ పానాతోని తిప్పుకుంటాండు."

పానాతో తిప్పకూడదని మామయ్య చెప్పాడు. కానీ అది ఇద్దరు ఉన్నప్పటి నియమం. ఇప్పుడు రెండు వైపులా నీళ్లు పెట్టేది ఒక్కడే. వంతు అనే మాటే లేదు అక్కడ.

చక్రం బియ్యం డబ్బా వెనకాల ఉంది. తుప్పు పడితే అప్పుడప్పుడు మంచినూనె రాస్తాను. మొన్న ఎండలకు మా వీధి కొళాయిలో నీళ్లు రాలేదు. వీధి చివర గుంతలో కార్పొరేషన్ వాల్వు ఉంది. ఆడవాళ్లందరూ బిందెలు పెట్టుకుని దాని చుట్టూ నిలబడి తిడుతున్నారు. నేను ఇంట్లోకి వచ్చి చక్రం తీసుకుపోయి దానికి తొడిగి చూశాను. పట్టలేదు.

"ఏడిది అక్కా అది?" అని అడిగింది పక్కింటామె.

మాది అన్నాను. మళ్లీ కొంగు కింద పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.